అమ్మ ఇల్లు మళ్లీ ఖాళీ చేయించాలా, వద్దా?

కొర్లగుంట కూతురు (జూలై 2)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకు 69 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో నాన్న కట్టించిన ఇల్లు. రెండు గదులు, హాలు, వంటిల్లు. నాన్న 2016లో పోయారు. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. నేను రేణిగుంటలో టీచర్‌ని. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అంటాను గానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఆమెకే చోటు లేదు.

ఏమేం ఉన్నాయో చెప్తాను. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, రబ్బరు బ్యాండు వేసి యాభై యాభై కట్టలుగా. పెరుగు డబ్బాలు. లడ్డూ కవర్లు. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు రెండు ట్రంకు పెట్టెల నిండా, మూడో పెట్టె మంచం కింద. నా పెళ్లికి ముందు నుంచీ వచ్చిన పెళ్లి పత్రికలు. దేవస్థానం క్యాలెండర్లు, ఏ ఏడాదివి ఆ ఏడాది చుట్ట చుట్టి దారం కట్టినవి. సప్తగిరి పత్రికలు. నాన్న వేసుకున్న బీపీ మాత్రల ఖాళీ అట్టలు. పనిచేయని మిక్సీలు మూడు. అడిగితే "మోటారు బాగానే ఉండాది" అంటుంది.

హాల్లో తలుపు దగ్గర నుంచి వంటింటి దాకా మనిషి పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత దారి. మంచం మీద సగం బట్టల మూటలు, మిగతా సగంలో ముడుచుకుని పడుకుంటుంది. వంటింట్లో గ్యాస్ స్టవ్ రెండో పొయ్యి మీద పేపర్ల కట్ట. మొదటి పొయ్యి వెలిగించే ఉంటుంది, పక్కన ఆ పేపర్లు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనిది దాని గురించే.

2021 నవంబర్ వానలు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. అమ్మను చిత్తూరులో పిన్ని ఇంట్లో దించాం. నీళ్లు తీశాక చూస్తే కింద వరసలో ఉన్న పేపర్లన్నీ నాని పిండిలాగా అయిపోయాయి. ఇంతకన్నా మంచి సమయం దొరకదన్నాడు అన్నయ్య. కూలీలను పెట్టి తడిసినవీ తడవనివీ అన్నీ రెండు రోజుల్లో తీయించేశాం. బురదైంది బురదలోకి, మిగిలింది పాత సామాన్ల అంగడికి. గోడలకు సున్నం కొట్టించాం. అమ్మ చూసి సంతోషపడుతుందని నిజంగానే అనుకున్నాం.

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. చెప్పులు విప్పలేదు. "నా ఇల్లు యాడ?" అని అడిగింది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు నీలం బిస్కెట్ డబ్బా ఎక్కడుందని అడిగింది. అందులో నాన్న పాల లెక్క రాసుకున్న చిన్న పుస్తకం ఉందట, ఆయన చేతిరాత. నాకు ఆ సంగతే తెలీదు. అంగడికి పరిగెత్తి మూడు గంటలు వెతికాను. రేకు డబ్బాలన్నీ అప్పటికే అణగ్గొట్టి ఒక దిమ్మలాగా చేసి పెట్టాడు. నీలం రంగువి చాలా కనిపించాయి.

నాతో నాలుగు నెలలు, అన్నయ్యతో ఏడాది మాట్లాడలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి ఇల్లు మళ్లీ నిండింది, ముందుకన్నా ఎక్కువగా. ఇప్పుడు రెండు గదులకూ తాళాలు వేసి తాళంచెవులు కొంగుకు కట్టుకుంటోంది. నన్ను కూడా హాలు దాటి పోనివ్వదు.

ఈ నెలాఖరులో ఆమెకు కంటి శుక్లం ఆపరేషన్. వారం రోజులు మా ఇంట్లో ఉంటుంది. ఆ వారంలో మళ్లీ బండి పిలుద్దాం, ఈసారి తాళాలు కూడా మార్చేద్దాం అంటున్నాడు అన్నయ్య. ఇదివరకు ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, "వయసు మీద పడితే ఇంతేనమ్మా, చాదస్తం" అని బలానికి మాత్రలు రాసిచ్చి పంపించారు. నెట్‌లో చూస్తే హోర్డింగ్ డిజార్డర్ అని, అంటే సామాను పోగేసి వదలలేని జబ్బు అని కనిపించింది. ఇది జబ్బేనా? ఎవరికి చూపించాలి? అన్నయ్య చెప్పినట్టు చేయాలా, వద్దా?


బైరాగిపట్టెడ బ్రదర్

అక్కా, హోర్డింగ్ అని టైటిల్ లేకపోయినా లోపల చదివి లీలామహల్ సర్కిల్‌లో సినిమా బోర్డుల గొడవేమో అనుకున్నా, సారీ. మా అమ్మ కూడా ఇంతే. హార్లిక్స్ సీసాలు ఎనభై ఉన్నాయి మా అటక మీద. ఆ తరం వాళ్లు కరువు చూసినోళ్లు, ఏదీ పారేయరు. దానికి ఇంగ్లీషు పేరు పెట్టి టెన్షన్ పడొద్దు. ఆపరేషన్ టైమ్‌లో చేసేయండి. పెద్దోళ్ల కోపం నాలుగు రోజులే.


కొర్లగుంట కూతురు

నాలుగు రోజులు కాదు బ్రదర్, ఏడాది. పైన రాశాను.


మనసు డెస్క్

క్లినికల్ సైకాలజీలో పనిచేస్తున్నాను, జిల్లాలోనే. చూడకుండా ఇది ఫలానా అని చెప్పను, చెప్పకూడదు. తెలిసినంత రాస్తాను.

బ్రదర్ గారు చెప్పిన ఎనభై సీసాలు అటక మీద ఉన్నాయి. అటక ఉన్నదే అందుకు. వాళ్లమ్మ గారు మంచం మీద పడుకుంటున్నారు, వంటింట్లో వండుతున్నారు. తేడా అక్కడ. పొదుపు చేసేవాళ్లు, సేకరించేవాళ్లు చాలామంది ఉంటారు. గదిని ఏ పనికి కట్టారో ఆ పనికి వాడుకోలేనంతగా సామాను చేరడం, వస్తువు విలువతో సంబంధం లేకుండా దేన్నీ వదులుకోలేకపోవడం, వదలాలంటేనే ప్రాణం మీదికి వచ్చినంత బాధ, ఇవన్నీ కలిస్తే దాన్ని జబ్బుగా చూస్తారు. చాలాకాలం దీన్ని ఓసీడీలో (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పట్టి పీడించే జబ్బు) ఒక ముక్కగా లెక్కేసేవారు. మానసిక జబ్బుల జాబితా ఉండే అమెరికా సైకియాట్రీ వాళ్ల డీఎస్ఎమ్-5 పుస్తకం 2013లో దీనికి విడిగా పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లోనూ ఉంది, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పుస్తకంలోకి ఎక్కి ఎక్కువ కాలం కాలేదు. మీరు కలిసిన డాక్టర్ గారు చదువుకునే రోజుల్లో ఇది పాఠంలో ఉండి ఉండదు.

కరువు మాట కూడా చాలామంది అంటారు. చిన్నప్పుడు పేదరికం చూసినందువల్లే ఇది వస్తుందని తేలలేదు. ఉన్నవాళ్లలోనూ ఉంటుంది. కుటుంబాల్లో నడవడం మాత్రం బాగా కనిపిస్తుంది. దగ్గరివాళ్లు పోయాక ముదరడమూ ఎక్కువే.

ఒక ప్రశ్న. అమ్మగారికి ఇది ఎప్పటి నుంచి? నాన్నగారు పోయాకే మొదలైందా, ముందు నుంచీ ఉందా? ఈమధ్య మతిమరుపు, డబ్బు లెక్కలు తప్పడం, మనిషి తీరు మారడం లాంటివి ఉన్నాయా? మామూలుగా ఈ అలవాటు పదకొండు, పదిహేనేళ్ల మధ్య చిన్నగా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతుంది. అరవై దాటాక కొత్తగా, ఉన్నట్టుండి మొదలైతే అది వేరే దారి. ముందు డిమెన్షియా (మెదడు పనితీరు తగ్గుతూ పోయే మతిమరుపు జబ్బు) ఉందేమో చూడాలి.


కొర్లగుంట కూతురు

థాంక్స్ మేడమ్. ముందు నుంచీ ఉంది. నా చిన్నప్పుడు కూడా కొత్త చీరలు వచ్చిన అట్టపెట్టెలు దాచేది. కానీ నాన్న ఉన్నప్పుడు నెలకోసారి ఆయనే నవ్వుతూ సైకిల్ మీద ఒక మూట బయటికి తీసుకుపోయేవారు, ఆమె గొణుగుతూనే ఊరుకునేది. మా అమ్మమ్మ ఇల్లు కూడా ఇట్లాగే ఉండేది, ఇప్పుడు మీరు అంటుంటే గుర్తొస్తోంది. మతిమరుపు లేదు. ఏ కట్ట ఏ మూటలో ఉందో చీకట్లో చెప్తుంది. చీటీ డబ్బులు పైసాతో సహా లెక్క.


నీవా గట్టు

అమ్మా, మాది చిత్తూరు. రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్‌ని. మీరు రాసింది రెండుసార్లు చదివినా. మీరు మీ అమ్మ గురించి అడిగినారు. నేను మీ అమ్మ వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ఈ జబ్బు నాది.

నా దగ్గర ఉండిందల్లా రెండు రకాలు. ఒకటి, బడి పిల్లోళ్ల బొమ్మలు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను దిద్దిన ప్రతి కాగితం. మామిడికాయ, కూజా, పల్లెలో సూర్యోదయం, మామిడికాయ, కూజా, సూర్యోదయం. రెండోది ఇనుము. నట్లు, బోల్టులు, సైకిల్ చైన్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, టేప్‌రికార్డర్ బెల్టులు. రోజూ సాయంత్రం వాకింగ్ అని పోతా, దారిలో పాత ఇనుప అంగడి ఒకటి, చేతిలో ఏదో ఒకటి లేకుండా ఇంటికొచ్చిన రోజు లేదు. మా ఆవిడ వంటింట్లో నిలబడి ఉత్తపుణ్యానికి ఏడ్చింది ఒకరోజు. నాకు కోపం వచ్చింది. నేనేం తాగి వస్తాండానా, పేకాడి వస్తాండానా అన్నా.

2019లో బొమ్మల కట్టల వరస ఒకటి జారి నా మీద పడింది. కుడి మణికట్టు ఇరిగింది. ఎముకల డాక్టర్ ఎట్లా పడ్డారంటే నేను బాత్‌రూములో జారినా అని చెప్పినా. మా అమ్మాయి నా ముందరే ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన కట్టు కడతానే, "సార్, కట్టు నేను కడతా, ఆ గది సంగతి ఇంకొకరికి చూపించండి" అన్నాడు. అట్లా వేలూరు పోయినాం. చిత్తూరోళ్లకు వేలూరు ఎంతలే, బస్సెక్కితే గంట.

అక్కడ సైకాలజిస్టు మేడమ్ నా ముందర తొమ్మిది ఫొటోలు పెట్టింది. ఒకే గది. మొదటి దాంట్లో శుభ్రంగా ఉంటుంది, ఒక్కో ఫొటోకు సామాను పెరిగి తొమ్మిదో దాంట్లో కప్పు దాకా నిండి ఉంటుంది. మీ గది దేని మాదిరి ఉంటుంది సార్ అనింది. నేను మూడో ఫొటో చూపించినా. మా ఆవిడ ఆరు. మా అమ్మాయి ఏడు. ఊరికే మాట కోసం చెప్పడం లేదమ్మా, నేను పిల్లోళ్లకు ముప్పై ఏళ్లు చెప్పింది ఒకటే, ఊహించి గీయొద్దు, చూసింది చూసినట్టు గీయమని. నా గదిని నేనే చూడలేకపోయినా. మీ అమ్మ అబద్ధం ఆడుతోంది, మొండికేస్తోంది అనుకోవద్దు. ఆమెకు నిజంగా అంత కనపడదు.

లోపల ఏం జరుగుతుందో చెప్తా. ఒక నట్టు చేతిలోకి తీసుకుంటా. ఇది ఏ సైజు? ఏ బండిది? ఎవరికైనా పనికొస్తాదేమో. పారేసిన మర్నాడే కావాల్సొస్తే? పోనీ ఆ డబ్బాలో వేద్దామా, ఈ డబ్బాలోనా? పావుగంట పోయిందా, నట్టు నా చేతిలోనే ఉంటుంది. చివరకు పక్కన కొత్త కుప్ప పెట్టి దాంట్లో వేస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్లు హూనం చేసుకుని సర్దుతా, గది మాత్రం అట్లనే ఉంటుంది, కుప్పలు చోటు మారుంటాయి. జనం మేము సోమరులం అనుకుంటారు. ఆ ఒక్క తీర్మానం చేయలేక చచ్చిపోతాండాం.

ఒకరోజు మేడమ్ తన టేబుల్ మీది పాత కాగితాలు, ఏవో బిల్లులు, నా చేతికిచ్చి ఏవి ఉంచాలో ఏవి చించాలో చూడమనింది. పది నిముషాల్లో సగం బుట్టలో వేసినా. తర్వాత నేను ఇంటి నుంచి తెచ్చిన కట్ట ఇచ్చింది. అరగంటలో రెండు కాగితాలు. నాకు సిగ్గేసింది. అప్పుడు చెప్పింది, 2012లో అమెరికాలో మెదడు స్కాన్ తీస్తా ఇట్లాంటి పరీక్షే చేసినారంట. ఈ జబ్బు ఉన్నోళ్లకు వేరేవాళ్ల కాగితాలప్పుడు మెదడులో కొన్ని భాగాలు మామూలు వాళ్ల కన్నా తక్కువగా పనిచేస్తే, సొంత కాగితం అనేసరికి అవే భాగాలు మామూలు కన్నా ఎక్కువగా రేగినాయంట. ఏది ముఖ్యం, ఏది కాదు అని తూకం వేసే చోట్లు అవి. ఆ మాట విన్న రోజు నాకు కొంచెం బరువు దిగింది. నా బుద్ధి చెడ్డది కాదు, తక్కెడ చెడిపోయింది.

వైద్యం ఏమిటంటే, వారానికి ఒక రోజు మాటలు, మధ్య మధ్య ఆమే ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని సర్దించడం. సర్దించడం అంటే ఆమె దేన్నీ ముట్టుకోదు. అది మొదటి రోజే చెప్పింది, మీ అనుమతి లేకుండా మీ వస్తువు మీద ఎవరి చెయ్యీ పడదు అని. ఆ మాట మీదనే నేను ఆమెను లోపలికి రానిచ్చినా. మొదట భోజనం టేబులు ఒక్కటే. పదిహేను నిముషాలకు అలారం. ఒక వస్తువు ఒక్కసారే చేతిలోకి తీసుకోవాల, ఉండేది, ఇచ్చేది, పోయేది, మూడే గంపలు, నాలుగో కుప్ప ఉండకూడదు. పోయే గంపలో వేసే ముందర ఎంత బాధగా ఉంటుందో పదికి మార్కులు రాయాల. మర్నాడు మళ్లీ రాయాల. టేప్‌రికార్డర్ బెల్టుకు తొమ్మిది రాసినా. మర్నాడు రెండు. వారానికి అది గుర్తే లేదు, నోటుబుక్కు చూస్తే తెలిసింది. అట్లా నా మార్కులు నేనే దిద్దుకుంటా వచ్చినా.

ఇంకొక లెక్క, బయటి నుంచి రాకుండా చూసుకోవడం. లోపలిది ఎంత తీసినా రోజూ కొత్తది వస్తే ఏం లాభం. ఇనుప అంగడి ముందర పది నిముషాలు నిలబడి ఏమీ తీసుకోకుండా రమ్మనింది. మొదటిసారి అరచేతులు చెమట పట్టినాయి. అంగడాయన "ఏం సార్, కోపమా?" అన్నాడు.

మాత్రల సంగతి అడుగుతారు. సామాను వదిలించే మాత్ర అంటూ ఏదీ లేదంట. నాకు దిగులు ఉందని, నిద్ర లేదని, డాక్టర్ దానికి మాత్ర ఇచ్చినాడు. దిగులు తగ్గితే సర్దడానికి ఓపిక వచ్చింది, అంతవరకు నిజం.

ఇప్పుడు ఎట్లా ఉందంటారా. ఏడాది పైనే పట్టింది. హాలు, వంటిల్లు, టేబులు బాగున్నాయి. పక్క గది ఒకటి ఇంకా అట్లనే ఉంది, తలుపు వేసి పెట్టినాం, దాని జోలికి నేనే పోలేదు. పిల్లోళ్ల బొమ్మల్లో రెండు వందలు ఏరి ఉంచుకున్నా, మిగతావి ఫొటోలు తీసి వదిలేసినా. పోయిన వారం ఒక రెగ్యులేటర్ తెచ్చినా. మా ఆవిడ చూసి ఏం మాట్లాడలేదు, నేనే మర్నాడు తీసుకుపోయి ఇచ్చి వచ్చినా.

మీ అన్న మాట వినొద్దు తల్లీ. నా జబ్బును మీ అమ్మకు అంటగట్టడం లేదు, ఆమెది ఏమో డాక్టరే చెప్పాల. కానీ నేను వేలూరులో ఉన్నప్పుడు మా ఇల్లు ఎవరైనా ఖాళీ చేసుంటే నేను మళ్లీ ఆ మేడమ్ ముఖం చూసేవాణ్ని కాదు. మీరు చేయాల్సింది ముందు ఒకటుంది. ఆ నీలం డబ్బా. దాని గురించి మీ అమ్మను క్షమించమని అడిగినారా? "పోయింది అమ్మా, ఏం చేస్తాం" అనడం కాదు. నేను అడక్కుండా ఇచ్చేసినా, తప్పు నాది అని. ఆ మాట వినకుండా ఆమె కొంగు ముడి విప్పదు. ఇంకొకటి, ఆమె ముందర చెత్త అనే మాట వాడొద్దు. సామాను అనండి.


బైరాగిపట్టెడ బ్రదర్

సార్, నా కామెంట్ వెనక్కి తీసుకుంటున్నా. మా అటక మీద సీసాల సంగతి మాత్రం మా అమ్మను ఇంకోసారి అడుగుతా, కసురుకోకుండా.


కొర్లగుంట కూతురు

సార్, ఏం రాయాలో తెలియడం లేదు. డబ్బా గురించి నేను ఎప్పుడూ అట్లా అడగలేదు. "వెతికాను, దొరకలేదు" అని మాత్రమే చెప్పాను.

మేడమ్, తిరుపతిలో ఎక్కడ చూపించాలి? పిచ్చి డాక్టర్ దగ్గరికి అంటే అమ్మ గుమ్మం దిగదు. ఇంకొకటి, ఆమె పేపర్లలో సగం మీద స్వామి బొమ్మ ఉంది. పెళ్లి పత్రికలు, క్యాలెండర్లు, సప్తగిరి. అవి చెత్తబుట్టలో వేయమంటే నాకే మనసు ఒప్పదు. అది జబ్బా, భక్తా?


మనసు డెస్క్

ముందు చోటు సంగతి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ఓపీలో చూస్తారు. లేదంటే వేలూరు బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ల మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ నడుస్తుంది, మీ అన్నయ్య అక్కడే ఉన్నారు కాబట్టి ఆయనకు పని చెప్పండి, బండి పిలిచే పని బదులు. ఇవేవీ వద్దంటే ముందు మీరు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జబ్బు ఉన్నవాళ్లే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ మాట్లాడొచ్చు.

ఆమెను "మీ సామాను గురించి డాక్టర్ దగ్గరికి" అని పిలవొద్దు. నిద్ర సరిగ్గా లేదన్నా, నాన్నగారి దిగులన్నా, ఆమె తనంతట తాను చెప్పుకునే బాధ ఏదైతే ఉందో దాని పేరు మీద తీసుకెళ్లండి. అబద్ధం కాదు కదా, అదీ ఉంది. వద్దంటే బలవంతంగా తీసుకుపోయి చేర్పించడం కుదరదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దానికి గట్టి షరతులు పెట్టింది, ఇల్లు నిండి ఉండటం ఒక్కటే చాలదు. ఇంకో మాట, అంచనాలు తగ్గించుకోండి. నీవా గట్టు సార్ చెప్పిన లాంటి చికిత్స మీద జరిగిన పరిశోధనల్లో ఇరవై ఆరు సిట్టింగుల దాకా పెట్టారు. ఇంత చేసినా చాలామందికి తగ్గుతుంది గానీ పూర్తిగా పోయేది కొద్దిమందికే. అమ్మగారికి ఇల్లు అద్దంలా ఉండక్కర్లేదు. పొయ్యి దగ్గర కాగితం ఉండకూడదు, బాత్‌రూముకు పోయే దారిలో కాలికి ఏదీ తగలకూడదు, శుక్లం ఆపరేషన్ అయ్యాక పడితే కష్టం. ఈ రెండూ మాత్రం అడగండి, కారణం చెప్పి అడగండి.

స్వామి బొమ్మల గురించి. అది భక్తే. భక్తిని జబ్బు కింద రాసేసే చికిత్స మన ఊళ్లో నిలబడదు. చెత్తబుట్టలో వేయలేకపోవడం వేరు, ఏ దారిలోనూ వదలలేకపోవడం వేరు. గౌరవంగా పంపే దారి ఒకటి ఆమెనే చెప్పమనండి. నిమజ్జనం చేసే జాతి మనది, పంపడం తెలీని వాళ్లం కాదు. చెప్పగలిగితే సగం పని అయినట్టే. దారి చూపించినా వదలలేకపోతే అప్పుడు జబ్బు పని చేస్తోందని అర్థం.


కొర్లగుంట కూతురు (ఆగస్టు 30)

అందరికీ మళ్లీ నమస్కారం. ఆపరేషన్ అయింది, కన్ను బాగుంది. అన్నయ్యతో పెద్ద గొడవే అయింది గానీ బండి రాలేదు. నీవా గట్టు సార్ రాసింది మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాన్న సైకిల్ మీద మూట తీసుకుపోయేటప్పుడు ముందు ఆమెకు చూపించేవాడు, గుర్తుందా?" అన్నాడు. నాకు గుర్తు లేదు. నిజమేనేమో.

మా ఇంట్లో ఉన్న వారంలో, కంటికి మందు వేస్తూ, డబ్బా గురించి అడిగాను. సార్ చెప్పినట్టే, తప్పు నాది అని. ఆమె కళ్లు మూసుకునే ఉంది. మందు వల్ల నీళ్లో ఏమో. "దాంట్లో కడాపటి పేజీలో ఆయన నా పేరు రాసినాడు మే. పాలు పోసేదాని పేరు కింద, తప్పుగా రాసి కొట్టేసి" అంది. నాకు ఏం అనాలో తెలియలేదు.

రుయాకు ఒకసారి వెళ్లాం, నిద్ర పట్టడం లేదని. నెలకు రెండుసార్లు రమ్మన్నారు. రెండోసారి తనే ఆటో మాట్లాడుకుని తయారైంది. డాక్టరమ్మ బాగా వింటుందట. సామాను మాట ఇంకా రాలేదు. వస్తుందంటున్నారు వాళ్లు.

వరలక్ష్మీ వ్రతానికి మాత్రం ఒకటి జరిగింది. తాంబూలాల్లోకి జాకెట్టు ముక్కలు కొనొద్దు, మన పెట్టెలోవి ఇద్దాం అన్నాను. ట్రంకు తెరిచింది. ఒక్కో ముక్క తీసి ఇది ఎవరి పేరంటంలో వచ్చిందో చెప్తూ, రంగు చూసి ఎవరికి నప్పుతుందో ఆలోచిస్తూ, ఇరవై ఒక్కటి తీయడానికి పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండయింది. మధ్యలో నాలుగు వెనక్కి పెట్టేసింది, మళ్లీ రెండు తీసింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఎంత కష్టమో నాకే తెలుసు. సాయంత్రం పేరంటాళ్లకు ఇరవై ఒక్కటీ ఇచ్చింది. తర్వాత వీధిలో వాళ్ల పేరంటాలకు తిరిగి తొమ్మిది తెచ్చుకుంది. పన్నెండు తగ్గినట్టే కదా సార్?

స్వామి బొమ్మల దారి కూడా ఆమే చెప్పింది. పాత పెళ్లి పత్రికలు బకెట్ నీళ్లలో పసుపు వేసి నానబెట్టి, వేప చెట్టు మొదట్లో పోయాలట. మొదటి విడత పదకొండు. పదకొండూ విడాకులు తీసుకున్న వాళ్లవో, పోయిన వాళ్లవో ఏరిందని తర్వాత తెలిసింది. క్యాలెండర్ల జోలికి ఇంకా పోలేదు. గదుల తాళాలు కొంగుకే ఉన్నాయి.

స్టవ్ మీద పేపర్ల కట్ట మాత్రం లేదు. మంచం మీదికి మారింది, ఆ సంగతి వేరే. నిన్న సాయంత్రం పోతే రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. ఒకదాని మీద పప్పు. రెండోదాని మీద పాలు పొంగుతుంటే పొయ్యి కట్టేయమని నా మీద అరిచింది.